చూపు మరలిన తరువాత మిగిలేదెంత?

ఉపాధ్యాయుడు నల్లబల్లమీద గుండె బొమ్మ గీసి, దాని నాలుగు గదులకూ పేర్లు రాస్తాడు. విద్యార్థి తల ఎత్తి చూస్తాడు. తల దించి నోటుబుక్కులో ఒక గీత గీస్తాడు. మళ్లీ తల ఎత్తుతాడు. ఒక్క బొమ్మ పూర్తి అయ్యేలోగా ఈ ఎత్తడం, దించడం ఎన్నో పర్యాయాలు జరుగుతుంది. కొందరు పిల్లలు మరీ ఎక్కువసార్లు తల ఎత్తుతారు. వారిని ధ్యాస లేనివారని మందలించడమూ కద్దు.

చూపు బల్లను వదలి పుస్తకం మీదికి వచ్చే ఆ ఒకటి రెండు సెకనులలో బొమ్మ ఎక్కడ ఉన్నట్లు? కంటి ఎదుట లేదు. కాగితం మీదికి ఇంకా రాలేదు. మనస్సే దానిని మోసుకొని వస్తున్నది. ఇట్లా పని జరుగుతున్నంతసేపు చూచినదానిని పట్టి ఉంచే శక్తిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 'విజువల్ వర్కింగ్ మెమరీ' అంటారు. తెలుగులో దృశ్య కార్యస్మృతి అనవచ్చు. చిన్నప్పుడు చదివిన బడి, ఆడుకున్న వీధి ఏండ్ల తరబడి గుర్తుండడం వేరు. అది దీర్ఘకాలిక స్మృతి. కార్యస్మృతి ఆయుర్దాయం కొద్ది సెకనులు మాత్రమే. అయినా అది లేకపోతే ఒక వాక్యాన్ని చూచి రాయడం గాని, వీధి దాటడం గాని సాధ్యం కాదు. ఈ మూట ఎంత పెద్దది, అందులోని వస్తువులు ఎట్లా నిలుస్తాయి, తిరిగి ఎట్లా బయటికి వస్తాయి అన్న ప్రశ్నలకు సమాధానం వెదకడంలో నూటయాభై ఏండ్లు గడిచాయి.

కొరివి గీసిన వలయం

చీకటిలో కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుల చక్రం కనిపిస్తుంది. మన పూర్వులు దీనిని అలాతచక్రమన్నారు. గౌడపాదులు మాండూక్య కారికలలో ఒక ప్రకరణానికి అలాతశాంతి అని పేరు పెట్టి, ఈ వలయాన్ని వేదాంతార్థంలో దృష్టాంతంగా వాడుకున్నారు. నిప్పు ఒక్క చోటనే ఉన్నా వలయమంతా వెలుగుతున్నట్లు కనిపించడానికి కారణం, వెలుగు పోయిన తరువాత కూడా దాని ముద్ర కొంతసేపు చూపులో నిలవడమే. ఈ నిలకడకు కొలత కట్టే ప్రయత్నం 18వ శతాబ్దంలో ఐరోపాలో జరిగినది. మండే బొగ్గును చక్రానికి కట్టి తిప్పి, వలయం ఎక్కడా తెగకుండా కనిపించాలంటే ఒక చుట్టుకు ఎంత కాలం పట్టాలో లెక్కించారు. ఫ్రాన్సులో షెవాలియే దార్సీ 1765లో చెప్పిన లెక్క సుమారు 0.13 సెకను.

ఇది కంటి ముద్ర నిలిచే కాలం. కాని ఒక్క చూపులో మనస్సు ఎన్ని వస్తువులను పట్టగలదు అన్నది వేరే ప్రశ్న.

చిక్కుడు గింజల లెక్క

ఇంగ్లండులో తర్కశాస్త్రంలోను అర్థశాస్త్రంలోను పేరు పొందిన విలియం స్టాన్లీ జెవన్సు ఈ ప్రశ్నను ఎంతో చవకగా పరీక్షించాడు. నల్లని పళ్లెం నడుమ తెల్లని అడుగు గల చిన్న కాగితపు పెట్టె ఉంచి, గుప్పెడు నల్లని చిక్కుడు గింజలను దానివైపు విసిరేవాడు. పెట్టెలో పడినవి ఎన్నో ఒక్క చూపుతో అంచనా కట్టి, తరువాత లెక్కపెట్టి సరిచూచుకొనేవాడు. ఇట్లా 1027 సార్లు చేసి, ఫలితాలను 1871లో 'నేచర్' పత్రికలో ప్రకటించాడు.

గింజలు మూడో నాలుగో అయినప్పుడు అతడు ఒక్కసారి కూడా పొరబడలేదు. అయిదు పడిన 107 పర్యాయాలలో అయిదు తప్పులు వచ్చాయి. ఆరు, ఏడు, ఎనిమిది అయిన కొద్దీ తప్పులు పెరుగుతూ పోయాయి. తన చూపుకు హద్దు నాలుగుకు, అయిదుకు నడుమ ఎక్కడో ఉన్నదని జెవన్సు తేల్చుకున్నాడు. ఇది సరిగా జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్ష కాదు. కాని మనస్సు పట్టును సంఖ్యలో చెప్పవచ్చునని చూపినది. ఆ సంఖ్య నాలుగు చుట్టుపక్కలనే ఉండడం గమనించదగినది. తరువాతి కథలో ఆ నాలుగే మాటిమాటికీ ఎదురవుతుంది.

ఏడు అనే సంఖ్య

1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌసు అర్థం లేని అక్షర సముదాయాలను తానే వల్లించుకొని మరపును కొలిచాడు. 1890లో అమెరికాలో విలియం జేమ్సు, మనస్సులో ఇంకా మెదులుతున్న విషయాన్ని ప్రాథమిక స్మృతి అనీ, ఒకసారి మరుగుపడి తిరిగి తెచ్చుకొనేదానిని ద్వితీయ స్మృతి అనీ విడదీశాడు. ఆ తరువాత చాలాకాలం పరిశోధనలు ఎక్కువగా అంకెలతోను, మాటలతోను సాగాయి. 1956లో జార్జి మిల్లరు, మనస్సు ఒక్కసారి పట్టగలిగినవి ఏడు, రెండు అటో ఇటో అని రాసిన వ్యాసం ప్రసిద్ధమైనది.

మిల్లరు చెప్పిన ఏడు వస్తువులు విడి అంకెలే కానక్కరలేదు. అవి ఏడు ముద్దలు. ఎంత ముద్ద అన్నది చదువును బట్టి ఉంటుంది. 'స్త్రీ' అనే అక్షరం అప్పుడే ఒత్తులు నేర్చుకుంటున్న పిల్లవానికి సకారం, తకారపు ఒత్తు, రకారపు ఒత్తు, గుడిదీర్ఘం అనే నాలుగు సంగతులు. చదువు వచ్చినవానికి అది ఒక్క అక్షరం. కనుక బల్లమీది వాక్యాన్ని పెద్దవాడు ఒక్క చూపులో ఎత్తుకొని రాగా, పిల్లవాడు అక్షరానికొకసారి తల ఎత్తవలసి వస్తుంది.

చూచాను, కాని చెప్పలేను

చూపు విషయంలో పెద్ద మలుపు 1960లో వచ్చినది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన యువకుడు జార్జి స్పెర్లింగు, వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలలో 12 అక్షరాలను సెకనులో ఇరవయ్యో వంతు కాలం మాత్రమే చూపించి, కనిపించినవి చెప్పమన్నాడు. ఎవరైనా నాలుగు, లేక నాలుగున్నర సగటున చెప్పగలిగారు. కాని వారందరి ఫిర్యాదు ఒక్కటే: "అన్నీ కనిపించాయి, చెబుతూ ఉండగానే మాయమయ్యాయి."

ఈ మాట నిజమో కాదో ఎట్లా తేలుతుంది? తరగతి పరీక్షలో ఉపాధ్యాయుడు పుస్తకమంతా అడగడు. ఏ పాఠం నుంచి ప్రశ్న వస్తుందో ముందు చెప్పకుండా నాలుగు ప్రశ్నలు అడిగితే, వచ్చిన జవాబులను బట్టి పుస్తకమంతటిలో ఎంత వచ్చునో తెలుస్తుంది. స్పెర్లింగు పద్ధతి అటువంటిదే. అక్షరాలు మాయమైన తరువాతనే ఒక మ్రోత వినిపించేవాడు. హెచ్చు స్థాయి అయితే పై వరుస, మధ్యమం అయితే నడిమి వరుస, మంద్రం అయితే కింది వరుస చెప్పాలి. ఏ మ్రోత వస్తుందో ముందు తెలియదు. అయినా ఏ వరుస అడిగినా నాలుగింటిలో మూడు చెప్పగలిగారు. అనగా, అక్షరాలు పోయిన ఆ క్షణంలో 12లో దాదాపు 9 చూపులో ఇంకా ఉన్నాయన్నమాట. మ్రోతను ఆలస్యం చేసిన కొద్దీ ఈ లాభం తగ్గిపోయి, ఒక్క సెకను గడిచేసరికి ఏమీ మిగలలేదు.

ఫిర్యాదు నిజమేనని తేలినది. చూపు ముందుగా ఒక విశాలమైన నకలును పడుతుంది. అది సెకను లోపల కరిగిపోతుంది. 1967లో నైసరు దీనికి 'ఐకానిక్ మెమరీ' అని పేరు పెట్టాడు, ప్రతిబింబస్మృతి అనవచ్చు. అది కరిగేలోగా దక్కించుకున్న నాలుగు వస్తువులే తరువాతి గదికి చేరుతాయి.

ఇవి రెండూ నిజంగా వేరు వేరు గదులేనని స్కాట్లండులో డబ్ల్యు. ఎ. ఫిలిప్సు 1974లో చూపాడు. చదరంగపు బల్లవలె గళ్లు గీసి, కొన్నిటిని తోచినట్లు నింపి ఒక నమూనాను చూపించాడు. కొద్దిసేపటికి రెండవ నమూనా చూపి, రెండూ ఒకటేనా, ఒక గడి మారినదా అని అడిగాడు. నడిమి విరామం అతి స్వల్పమైతే గళ్లు ఎన్ని ఉన్నా జవాబు దాదాపు తప్పేది కాదు. కాని రెండవ నమూనాను ఒక్క గడి పక్కకు జరిపితే ఆ నైపుణ్యం పోయేది. విరామం పెరిగినప్పుడు మిగిలే జ్ఞాపకం మాత్రం స్థానం జరిగినా చెదరలేదు. అయితే గళ్లు ఎక్కువైతే తేలిపోయేది. మొదటిది కంటి ముందరి చోటుకు అతుక్కున్న నకలు. రెండవది మనస్సు వెంట తీసుకొనిపోగల చిన్న మూట. ఆ మూటయే దృశ్య కార్యస్మృతి.

మాట వేరు, చూపు వేరు

చూచినదానిని మనం లోలోపల మాటలుగా మార్చుకొని గుర్తుంచుకుంటున్నామేమో అన్న అనుమానం సహజం. దీనికి 1968లో లీ బ్రూక్సు చేసిన ప్రయోగం చక్కని సమాధానం. దీనిని ఏ తరగతిలోనైనా చేయవచ్చు. దళసరి గీతలతో గీసిన ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరాన్ని విద్యార్థి మనస్సులో ఊహించుకొని, దాని అంచు వెంట మూల మూలకూ నడవాలి. ఆ మూల అక్షరానికి అట్టడుగున గాని, పైకొసన గాని ఉంటే 'అవును', లేకుంటే 'కాదు' అనాలి. నోటితో చెప్పడం సుళువు. కాని కాగితం మీద వంకరటింకరగా రాసి ఉన్న 'అవును', 'కాదు' గుర్తులను వేలితో చూపుతూ చెప్పమంటే రెట్టింపుకు మించిన కాలం పడుతుంది. ఊహించిన బొమ్మకు, వెదికే చూపుకు ఒకే చోటు కావలసి వచ్చి ఒకదానినొకటి తోసుకుంటాయి. వాక్యాన్ని మనస్సులో ఉంచుకొని పదపదానికీ జవాబు చెప్పవలసివస్తే ఫలితం తలక్రిందులవుతుంది. అప్పుడు నోరే అడ్డం.

ఇటువంటి ఆధారాలతో 1974లో ఆలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ కార్యస్మృతికి ఒక నిర్మాణం ప్రతిపాదించారు. పని నడిపించే అధికారి ఒకడు. అతని కింద మాటలను తిప్పితిప్పి నిలిపేది ఒకటి, ఆకృతులను, చోట్లను నిలిపే చిత్తుపలక ఒకటి. అంకెలను విని అప్పజెప్పలేని రోగికి చూపుజ్ఞాపకం బాగుండడం, చెక్కముక్కలను తాకిన వరుస గుర్తుంచుకోలేని మరొక రోగికి మాటజ్ఞాపకం చెక్కుచెదరకుండడం కూడా వైద్యులు గమనించారు. రెండూ వేరని దీనివల్ల రూఢి అయినది.

రంగు చదరాలు

చిత్తుపలక మీద ఎంత పడుతుందో సూటిగా కొలిచినది 1997లో. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ కొన్ని రంగు చదరాలను సెకనులో పదోవంతు చూపించి, దాదాపు ఒక సెకను తెర ఖాళీగా ఉంచి, తిరిగి చూపించారు. ఏదైనా చదరం రంగు మారిందా లేదా చెప్పాలి. మాటల సాయం లేకుండా చేయడానికి రెండు అంకెలను కూడా గుర్తుంచుకోమన్నారు. మూడు చదరాల వరకు జవాబులు దాదాపు తప్పలేదు. నాలుగు నుంచి పన్నెండు వరకు క్రమంగా దిగజారాయి.

సగం జవాబులు ఊహతోనూ కుదురుతాయి గనుక ఊహను తీసివేసి లెక్కించాలి. నెల్సన్ కోవన్ సూచించిన సూత్రం సులభం. మార్పు ఉన్నప్పుడు 'ఉన్నది' అన్న శాతంలో నుంచి, మార్పు లేనప్పుడు కూడా 'ఉన్నది' అన్న శాతాన్ని తీసి, చదరాల సంఖ్యతో హెచ్చించాలి. ఉదాహరణకు 8 చదరాలలో మొదటిది 60 శాతం, రెండవది 10 శాతం అనుకుందాం. తేడా 50 శాతం. 8లో సగం 4. పట్టిన వస్తువులు నాలుగు. 2001లో కోవన్ ఎన్నో ప్రయోగాలను సమీక్షించి, ముద్ద కట్టడానికి, వల్లించడానికి వీలు లేనప్పుడు మనస్సు పట్టు ఏడు కాదు, నాలుగేనని వాదించాడు. జెవన్సు గింజల పెట్టె మళ్లీ తెరిచినట్లయినది.

అరలా, దోసెపిండా?

ఇక్కడితో కథ ముగియలేదు. నాలుగు అంటే ఏమిటి? మనస్సులో నాలుగు అరల అల్మారా ఉన్నదనీ, అర దొరికిన వస్తువు నిలుస్తుందనీ, దొరకనిది పూర్తిగా పోతుందనీ ఒక వాదం. అరలు లేవు, ఒక గరిటెడు పిండి ఉన్నది. ఒక్క చిన్న దోసె పోస్తే మందంగా వస్తుంది, అదే పిండిని నాలుగు దోసెలుగా పరిస్తే పలచనవుతుంది అన్నట్లు, వస్తువులు పెరిగిన కొద్దీ ఒక్కొక్కదాని స్పష్టత తగ్గుతుందని మరొక వాదం.

2008లో రెండు పక్షాలకూ ప్రయోగాలు వచ్చాయి. జాంగ్, లక్ ఒక చదరం రంగును వర్ణచక్రం మీద గుర్తించమన్నారు. మూడు వస్తువులు దాటిన తరువాత స్పష్టత ఇక తగ్గలేదు, గుడ్డి ఊహలు మాత్రమే పెరిగాయి. ఇది అరల పక్షం. లండనులో బేస్, హుసేన్ చేసిన ప్రయోగంలో ఒకటి నుంచి రెండుకు పోయినప్పుడే స్పష్టత తగ్గినది. అంతేగాక, కన్ను తరువాత చూడబోయే వస్తువుకు ఎక్కువ వాటా దక్కినది. ఇది పిండి పక్షం. ఒకే మనిషికి ఒకే వస్తువు మీద కూడా స్పష్టత ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా ఉంటుందని 2012లో మరొక మార్గం చూపారు. వాదం ఇంకా తీరలేదు. కాని వస్తువు ఎంత చిక్కనైతే అంత తక్కువ సంఖ్యలో నిలుస్తుందన్న సంగతిని 2004లోనే అల్వారెజ్, కవానా చూపారు. సాదా రంగు చదరాలు నాలుగు పట్టిన చోట, తెలియని చీనా అక్షరాలు అంతకన్న తక్కువే పట్టాయి.

మెదడులో ఎక్కడ?

1930లలో అమెరికాలో జేకబ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు, రెండు కప్పులలో ఒకదాని కింద తిండి దాచి, తెర వేసి, కొద్ది సెకనుల తరువాత కోతులను వెదకనిచ్చాడు. మెదడు ముందుభాగం రెండు వైపులా తొలగించిన కోతులు ఆ కాస్త విరామాన్ని దాటలేకపోయాయి. 1971లో అమెరికాలో ఫుస్టర్, అలెగ్జాండర్, జపానులో కుబోటా, నికి, ఆ భాగంలోని నాడీకణాలు కొన్ని విరామమంతటా ఎడతెగక ప్రేరితమై ఉండడం గుర్తించారు. 1989లో ఫునహాషి, బ్రూస్, గోల్డ్‌మన్-రాకిక్ ఒక్కొక్క కణానికి ఒక్కొక్క దిక్కు ఉన్నదని తెలిపారు. జ్ఞాపకమంటే కణాలు వెలుగుతూ ఉండడమేనన్న అభిప్రాయం అప్పుడు బలపడినది.

2004లో వచ్చిన రెండు పరిశోధనలలో మెదడు వెనుక పైభాగపు సంకేతం వస్తువులు పెరిగిన కొద్దీ పెరిగి, మూడు నాలుగు దగ్గర ఆగిపోవడం కనిపించినది. ఎవరి పట్టు ఎంతో వారి సంకేతం అంతవద్ద ఆగినది. 2009లో హారిసన్, టాంగ్ మరింత వింత సంగతి కనుగొన్నారు. మనస్సులో ఉంచుకున్న గీతల వాలు ఏదో, కంటి వార్త మొదట చేరే దృశ్యభాగాలలోని క్రియా విన్యాసాన్ని బట్టి 80 శాతానికి పైగా సరిగా చెప్పగలిగారు. చూచిన భాగమే దాచడంలో కూడా పాల్గొంటున్నదన్నమాట.

ఎడతెగని వెలుగు కూడా అవసరం లేకపోవచ్చునన్నది ఇటీవలి ఆలోచన. 2008లో మోంజిల్లో, బరాక్, త్సోదిక్స్ ఒక సిద్ధాంతం చెప్పారు. కణాల నడుమ సంధులలో కాల్షియం కొద్దిసేపు నిలిచి ఆ దారిని సుగమం చేస్తుంది. కణం మౌనంగా ఉన్నా జాడ మిగిలి ఉంటుంది. నీరు పారిన బోదెలో తడి మిగిలినట్లే ఇది. 2016లో జరిపిన ప్రయోగంలో, ప్రస్తుతం ధ్యాసలో లేక సంకేతం అణగిపోయిన వస్తువు, మెదడు పైన అయస్కాంత స్పందన ఇచ్చినంతనే క్షణకాలం తిరిగి బయటపడినది.

తిరిగి తీయడం

దాచినదానిని తీయడం కూడా వట్టి చేయి చాచడం కాదు. 1966లో సాల్ స్టర్న్‌బర్గు కొన్ని అంకెలు చూపి, ఒక అంకె వాటిలో ఉన్నదా అని అడిగినప్పుడు, అదనపు అంకె ఒక్కొక్కదానికి జవాబు 0.038 సెకను చొప్పున ఆలస్యమైనది. మనస్సు సరకును తడుముతున్నట్లు అతడు భావించాడు. 2003లో గ్రిఫిన్, నోబ్రె, బొమ్మ మాయమైన తరువాత ఒక బాణపు గుర్తుతో ఏ వస్తువును అడుగుతారో సూచించగా జవాబులు మెరుగుపడినాయి. ప్రతిబింబం ఎప్పుడో కరిగిపోయింది గనుక ధ్యాస లోపలి మూట మీదనే పని చేసినదనాలి. తీసేటప్పుడు పొరబాటు ఒక విచిత్ర రూపంలో కూడా రావచ్చు: రంగులన్నీ జ్ఞాపకముండి, ఏ రంగు ఏ చోటిదో తారుమారు కావడం. అది మరపు కాదు, ముడి జారడం.

తల ఎత్తే పిల్లవాడు

1995లో బల్లార్డ్, హేహో, పెల్జ్ అనే పరిశోధకులు, ఎదుట ఉన్న రంగు ముక్కల అమరికను చూచి అటువంటిదే కట్టమని పెద్దవారిని కోరి, వారి కంటి కదలికలను నమోదు చేశారు. చాలామంది ఒక్కొక్క ముక్కకు రెండేసిసార్లు నమూనావైపు చూచారు: రంగు తెలుసుకోవడానికి ఒకసారి, చోటు తెలుసుకోవడానికి ఒకసారి. ఎదుట నమూనా నిలిచి ఉన్నంతవరకు తలలో బరువు మోయడం కంటె మళ్లీ చూడడమే సుళువు.

కనుక మాటిమాటికీ తల ఎత్తే విద్యార్థిని తప్పుపట్టడానికి ముందు ఆలోచించవలసి ఉన్నది. అతడు అందరు మనుషులూ చేసే పనినే చేస్తున్నాడు. అతని మూటలో మూడు నాలుగు వస్తువులే పడతాయి. కొత్తవి, చిక్కనివి అయితే ఇంకా తక్కువ. బొమ్మను భాగాలుగా గీసి, ఒక్కొక్క భాగం పక్కనే పేరు రాసి, అందరూ ఎత్తుకొనేదాకా బల్లను తుడవకుండా ఉంటే ఆ మూటకు బరువు తగ్గుతుంది. బొమ్మ ఒక చోట, పేర్ల పట్టిక మరొక చోట పెడితే, రెండింటి నడుమ తిరగడంలోనే పట్టు ఖర్చవుతుంది.

పట్టును పెంచే మార్గం ఒకటి మాత్రం నమ్మదగినది. 1973లో ఛేజ్, సైమన్ చదరంగపు ఆటగాళ్లకు నడుస్తున్న ఆటను 5 సెకనులు చూపించారు. ఆరితేరినవాడు కొత్తవానికంటె ఎన్నో రెట్లు పావులను తిరిగి అమర్చాడు. పావులను అర్థం లేకుండా చల్లి చూపితే ఆ తేడా దాదాపు మాయమైనది. అతని మూట పెద్దది కాదు. మూటలోని ఒక్కొక్క ముద్ద పెద్దది. ఆ ముద్దలు కట్టినది ఏండ్ల చదువు. నాలుగు ముక్కలుగా కనిపించిన 'స్త్రీ' ఒక్క అక్షరంగా మారే రోజు ప్రతి పిల్లవానికీ వస్తుంది. అంతవరకు బల్లమీది బొమ్మ అతనికోసం నిలిచి ఉండాలి.